వెలుతురుకు విడిపోయే అణువుల కూటమికి ఏ స్విచ్ పెట్టాలి?

అసెంబ్లీ అన్నా, కూటమి అన్నా మనవాళ్లకు ముందు రాజకీయాలే గుర్తొస్తాయి. ఇది వేరే కూటమి. గట్టి రసాయన బంధాల అవసరం లేకుండా, హైడ్రోజన్ బంధాలు, నీళ్లంటే పడని కొవ్వు తోకలు, ఒకదానిమీద ఒకటి పేర్చుకునే బెంజీన్ వలయాలు వంటి బలహీనమైన పట్టులతో అణువులు తమంతట తామే కట్టుకునే జెల్, మిసెల్ (నీటిలో కొవ్వు తోకలు లోపలికి దాచుకున్న అణువుల ఉండ), పొర లాంటివి. వాటిలో వెలుతురుకు రూపం మార్చుకునే ఒక స్విచ్ అణువును కూర్చి, వెలుతురు వేస్తే విడిపోయేలా, మరో రంగు వెలుతురుకో చీకటికో మళ్లీ కట్టుకునేలా చేయాలన్నది పని.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు వచ్చే పిల్లలు ఏటా అడిగే ప్రశ్న ఒకటే: “అజోబెంజీన్ తీసుకోమంటారా సార్, స్పైరోపైరాన్ తీసుకోమంటారా?” నేను తిరిగి అడిగేదీ ఒకటే. మీ కూటమిని పట్టి ఉంచుతున్నది ఏమిటి? దానికి జవాబు లేకుండా స్విచ్ ఎంచుకోవడమంటే గుమ్మం కొలవకుండా తలుపు చేయించడమే. పలచని ద్రావణంలో అందంగా పనిచేసిన స్విచ్ జెల్‌లోకి వెళ్లాక మొండికేస్తుంది. నా మొదటి జెల్‌తో నాకు జరిగిందీ అదే. ఆ కథ కాసేపట్లో చెప్తాను.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, అణువులో ఏం మారాలి? ఆకారమా, ధ్రువతా, ఎలక్ట్రాన్లు పరుగెత్తే దారా? వలయాల పేర్పు మీద నిలబడ్డ కూటమిని ఆకారం మారితే చెదరగొట్టవచ్చు. నీటిలో తోకలు దాచుకుని నిలబడ్డ మిసెల్‌కు ధ్రువత మారితే చాలు. తీగలా విద్యుత్తు మోయాల్సిన పొరకు ఆకారంతో పనిలేదు, ఎలక్ట్రాన్ల దారి తెరుచుకుని మూసుకుంటే చాలు. మూడూ ఒకే స్థాయిలో మార్చే స్విచ్ లేదు.

రెండోది, మారిన స్థితి ఎంతసేపు నిలవాలి? కొన్ని స్విచ్‌లు కాలింగ్ బెల్ బటన్ లాంటివి. వెలుతురు తీసేస్తే గది వేడికే వెనక్కి వచ్చేస్తాయి. కొన్ని గోడమీది లైటు స్విచ్ లాంటివి, మళ్లీ నొక్కేదాకా కదలవు. వెలుతురు ఉన్నంతసేపే పనిచేసే పదార్థం కావాలంటే బటన్, సమాచారం దాచే పదార్థం కావాలంటే లైటు స్విచ్. ఇక్కడ మన ఎండల సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. మామూలు అజోబెంజీన్ వెలుతురుకు మారి వచ్చే వంగిన రూపాన్ని సిస్ అంటారు, దాని మామూలు రూపం ట్రాన్స్. సిస్ రూపానికి గది ఉష్ణోగ్రతలో అర్ధాయువు, అంటే సగం వెనక్కి రావడానికి పట్టే సమయం, రోజుల్లో ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర రెండు రోజులు అనుకుందాం. తిరుగు ప్రయాణానికి అడ్డుగోడ మోల్‌కు సుమారు 95 కిలోజౌల్స్. ఈ రెండింటితో, వేడితో చర్య వేగం ఎలా మారుతుందో చెప్పే అర్హీనియస్ లెక్క వేస్తే, ఏసీ లేని ల్యాబ్‌లో మే నెల 40 డిగ్రీల దగ్గర అది ఏడెనిమిది గంటలకు పడిపోతుంది. 60 డిగ్రీల వాటర్‌బాత్‌లో గంటలోపే. డిసెంబరులో కొలిచిన సంఖ్య మేలో రాలేదని ఎవరినో నిందించే ముందు థర్మామీటర్ చూడండి.

మూడోది, ఎంత శాతం మారుతుంది? వెలుతురు వేస్తూ ఉంటే కొంతసేపటికి రెండు రూపాలూ ఒక నిష్పత్తిలో స్థిరపడతాయి. వేడికి త్వరగా వెనక్కి రాని స్విచ్‌లో ఆ నిష్పత్తి మీద పడే వెలుతురు రంగును బట్టి ఉంటుంది, దీపం ఎంత ప్రకాశంగా ఉందన్న దాన్ని బట్టి కాదు. ఎనభై శాతం మారిందంటే బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఒక జెల్ నిలబడటానికి కనీసం మిల్లీలీటరుకు 2 మిల్లీగ్రాములు కావాలనుకోండి. మీరు 12 మిల్లీగ్రాములతో గట్టి జెల్ కట్టారు. ఎనభై శాతం మారాక కూడా 2.4 మిల్లీగ్రాముల పాత రూపం మిగిలే ఉంది. జెల్ కదలదు. అదే 4 మిల్లీగ్రాములతో కడితే మిగిలేది 0.8, కూలిపోతుంది. అణువు అదే, దీపం అదే, తేడా తూకంలో. జెల్ గట్టిగా ఉంటే గైడ్‌కు చూపించడానికి బాగుంటుందని ఎక్కువ వేసేవాళ్లను చాలామందిని చూశాను.

నాలుగోది, అందరూ మరిచిపోయేది: వెలుతురు లోపలిదాకా వెళ్తుందా? నా కథ ఇక్కడే. ఆల్కాక్సీ అజోబెంజీన్ జెల్ కట్టి, 365 నానోమీటర్ల దీపం కింద గంటసేపు పెట్టాను. పైన ఒక తడి పొర తప్ప ఏమీ జరగలేదు. అణువు పాడైందనుకుని మళ్లీ తయారు చేశాను. అప్పుడైనా లెక్క వేసి ఉంటే రెండు వారాలు మిగిలేవి. 10 మిల్లీమోలార్ జెల్, శోషణ గుణకం (అణువు వెలుతురును ఎంత గట్టిగా పీలుస్తుందో చెప్పే సంఖ్య) 20,000 ప్రాంతంలో. అంటే ఒక సెంటీమీటరుకు అబ్జార్బెన్స్ 200. అబ్జార్బెన్స్ 1 అంటే తొంభై శాతం వెలుతురు ఆగిపోయినట్టు. తొంభై శాతం వెలుతురు మొదటి 50 మైక్రోమీటర్లలోనే ఆగిపోతుంది. అది తల వెంట్రుక మందం. మారిన రూపం ఆ వెలుతురును తక్కువ పీలుస్తుంది కాబట్టి గంటలు గడిస్తే ముందుకు పాకుతుంది కానీ, అంత ఓపిక ప్రాజెక్టు గడువుకు ఉండదు. దీనికి దారులు రెండు మూడున్నాయి. జెల్‌ను గాజు పలకల మధ్య పలచని పొరగా పట్టడం, వేడి చేసి ద్రవంగా ఉన్నప్పుడే కలుపుతూ వెలుతురు వేయడం, లేదా అణువు బలహీనంగా పీల్చే రంగును వాడటం.

ఎన్నిసార్లు తిప్పినా చెడకుండా ఉంటుందా, మన ల్యాబ్‌లో తయారవుతుందా అన్న రెండు ప్రశ్నలు ఒక్కో స్విచ్ దగ్గర చెప్తాను.

| స్విచ్ | ప్రధానంగా మారేది | వెలుతురు | దానంతట అది వెనక్కి | తయారీ |
|---|---|---|---|---|
| అజోబెంజీన్ | పొడవు, ఆకారం | యూవీ. తిరుగుకు నీలం | సెకన్ల నుంచి ఏళ్ల దాకా, రూపకల్పనను బట్టి | సులువు |
| స్పైరోపైరాన్ | ధ్రువత, రంగు | యూవీ. తిరుగుకు కంటికి కనిపించే వెలుతురు | ద్రావణంలో సాధారణంగా నిమిషాలు | చాలా సులువు |
| డైఅరైల్‌ఈథీన్ | ఎలక్ట్రాన్ల దారి | యూవీ. తిరుగుకు కంటికి కనిపించే వెలుతురు | మంచి నమూనాల్లో దాదాపు రాదు | కష్టం, ఖర్చు |
| డాసా | రంగు, ధ్రువత, పొడవు | కంటికి కనిపించే వెలుతురు | చీకట్లో, వేడికి | సులువు |
| హైడ్రజోన్ | ఆకారం, లోపలి హైడ్రోజన్ బంధం | రెండు వేర్వేరు రంగులు | కొన్నిటికి దాదాపు రాదు | మధ్యస్థం |

అజోబెంజీన్: ఎక్కువమందికి ఇదే చాలు

1937లో హార్ట్‌లీ దీని సిస్ రూపాన్ని బయటపెట్టాడు. అప్పటినుంచి ఇంతగా నలిగిన స్విచ్ మరొకటి లేదు. ట్రాన్స్ రూపం బల్లపరుపుగా, చివరి కార్బన్ల మధ్య 9 ఆంగ్‌స్ట్రామ్‌ల పొడవుతో ఉంటుంది. సిస్‌గా మారితే వంగి 5.5కు కుదించుకుపోతుంది. ద్విధ్రువ భ్రామకం, అంటే ధ్రువతకు కొలత, సున్నా నుంచి 3 డిబై ప్రాంతానికి ఎగబాకుతుంది. పేర్పు మీద నిలబడ్డ కూటమికి ఇంతకంటే సరైన కుదుపు దొరకదు. బల్లపరుపు పలకల దొంతరలో ఒక వంకర పలక దూర్చినట్టే.

సైక్లోడెక్స్‌ట్రిన్ (చక్కెర అణువులు వలయంగా కూడిన గిన్నె లాంటి అణువు) కుహరాలతో దీని జత ఇంకా చక్కనిది. ఆల్ఫా సైక్లోడెక్స్‌ట్రిన్‌లో ట్రాన్స్ ఇమిడిపోతుంది, సిస్ ఇమడదు. ఒసాకాలో అకిరా హరాదా బృందం ఒక జెల్‌కు కుహరాలు, మరో జెల్‌కు అజోబెంజీన్ తగిలించి, కంటికి కనిపించే ముక్కలే వెలుతురుతో అతుక్కుని విడిపోయేలా చేసింది. పైగా ఈ జత నీళ్లలో పనిచేస్తుంది, కుహరాలు ఖరీదైనవి కావు. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను ముందు చెప్పే దారి ఇదే.

ఇక ఇందులో ఉచ్చు. ప్రాక్టికల్స్‌లో అందరూ చేసే డైయజోనియం కలయిక గుర్తుంది కదా, 0 నుంచి 5 డిగ్రీల మధ్య అనిలిన్‌ను డైయజోటైజ్ చేసి ఫీనాల్‌తో కలపడం. వచ్చిన హైడ్రాక్సీ అజోబెంజీన్ మీద వెలుతురు వేసి, ఏమీ మారలేదని నిరాశపడేవాళ్లు ఎందరో. నిజానికి మారుతుంది. ఆల్కహాల్ లాంటి ద్రావణిలో అది ఎంత వేగంగా వెనక్కి వస్తుందంటే, క్యువెట్‌ను స్పెక్ట్రోమీటర్‌లో పెట్టేలోగా పని అయిపోతుంది. ఆ ఓహెచ్‌ను పొటాషియం కార్బొనేట్, బ్రోమోహెక్సేన్‌లతో ఈథర్‌గా మార్చండి. అర్ధాయువు ఒక్కసారిగా కొలవగలిగే స్థాయికి వస్తుంది. అలా చేరిన ఆరు కార్బన్ల తోకే కూటమి కట్టడానికీ పనికొస్తుంది. ఒక చివర ఎలక్ట్రాన్లిచ్చే గుంపు, మరో చివర లాక్కునే గుంపు పెట్టిన రంగుల సంగతీ ఇంతే. మిథైల్ ఆరెంజ్‌తో స్విచింగ్ చూపిస్తానని బయలుదేరకండి.

యూవీ వద్దనుకుంటే, రెండు వలయాల్లోనూ నత్రజనికి పక్కనున్న నాలుగు స్థానాల్లో ఫ్లోరిన్ పెట్టిన నమూనా ఉంది. 2012లో బెర్లిన్‌లో హెష్ట్ బృందం చేసింది. ఆకుపచ్చ వెలుతురుకు సిస్, నీలానికి ట్రాన్స్, సిస్ అర్ధాయువు గది ఉష్ణోగ్రతలో రెండేళ్ల ప్రాంతం. అజోబెంజీన్ సుఖాలన్నీ ఉంచుకుని బటన్‌ను లైటు స్విచ్‌గా మార్చుకోవడమన్నమాట. పైగా ఆకుపచ్చను ఇది బలహీనంగానే పీలుస్తుంది కనుక మందపాటి జెల్‌లోకీ వెలుతురు దిగుతుంది. దీన్ని తయారు చేసుకోవడం మాత్రం రెండో ఏడాది పీహెచ్‌డీ వాళ్ల పని.

ఒక హెచ్చరిక. అజోబెంజీన్‌ను క్యాన్సర్ కారకమని అనుమానించే పదార్థాల్లో చేర్చారు. చేతి తొడుగులు లేకుండా తూకం వేయనివ్వద్దు. డైయజోనియం లవణాన్ని ఎండబెట్టనివ్వద్దు, అది పేలుతుంది.

స్పైరోపైరాన్: తరగతి గదిలో రాజు, జెల్‌లో అతిథి

తయారీ ఇంత తేలికగా ఉండి, ఫలితం ఇంత కళ్లకు కట్టే ప్రయోగం ఆర్గానిక్‌లో అరుదు. ఫిషర్ బేస్, 5-నైట్రోసాలిసిలాల్డిహైడ్ రెండూ ఇథనాల్‌లో రిఫ్లక్స్ చేస్తే వచ్చేస్తుంది. దాదాపు రంగులేని ద్రావణం మీద యూవీ వేస్తే అణువు మెరోసయనిన్ అనే రంగు రూపంలోకి తెరుచుకుంటుంది. టొలుయీన్‌లో నీలం, ఇథనాల్‌లో ఊదా గులాబీ. ధ్రువత ఎక్కువున్న ద్రావణిలో రంగు రూపం ఎక్కువసేపు నిలుస్తుంది, టొలుయీన్‌లో త్వరగా మాయమవుతుంది. మూడు గంటల ప్రాక్టికల్‌లో మొదటి క్రమం చర్య వేగం కొలిపించడానికి దీన్ని మించింది లేదు. స్పెక్ట్రోమీటర్ లేకపోతే కలరీమీటర్, అదీ లేకపోతే కదలకుండా నిలబెట్టిన ఫోన్ కెమెరా.

కూటమిలోకి వస్తే కథ మారుతుంది. తెరుచుకోవడానికి అణువుకు చుట్టూ ఖాళీ కావాలి. గట్టిగా పేర్చుకున్న చోట అది దొరకదు. తెరుచుకున్న మెరోసయనిన్‌లు తమలో తాము పేర్చుకుంటాయి, మీరు విడగొట్టాలనుకున్నది ఇంకా గట్టిపడవచ్చు. పైగా నైట్రో ఉన్న నమూనాలు పదుల సార్లు తిప్పేసరికే అలసిపోతాయి. అయినా దీన్ని ఎంచుకోవాల్సిన సందర్భాలున్నాయి: మెరోసయనిన్ జింక్, రాగి లాంటి అయాన్లను పట్టుకుంటుంది, మూసుకున్న స్పైరో రూపం వదిలేస్తుంది. అయాన్ల మీద నిలబడ్డ కూటమికి ఇది నేరుగా తాళంచెవి. ఆమ్లంలో ప్రోటాన్ పట్టుకున్న మెరోసయనిన్ మీద నీలి వెలుతురు వేస్తే ప్రోటాన్ వదులుతుంది. అంటే స్విచ్‌ను కూటమిలో కూర్చనే అక్కర్లేదు, చుట్టూ ఉన్న ద్రావణంలో కలిపితే చాలు. 2015లో ఇజ్రాయెల్‌లో రఫాల్ క్లాయిన్ బృందం ఇదే ఉపాయంతో, స్విచ్ తగిలించని నానోకణాలను వెలుతురుతో గుంపు కట్టించి విడదీసింది. పేర్పులో స్విచ్ ఇరుక్కుంటుందన్న భయం ఉన్నవాళ్లు దీన్ని తప్పక ఆలోచించాలి.

డైఅరైల్‌ఈథీన్

మసాహిరో ఇరియె 1988లో మొదలుపెట్టిన కుటుంబం. యూవీకి వలయం మూసుకుని రంగు వస్తుంది, కంటికి కనిపించే వెలుతురుకు తెరుచుకుంటుంది, వేడికి కదలదు. మంచి నమూనాలు పది వేల సార్లకు పైగా తిప్పినా చెడవు. స్ఫటికంలోనూ పనిచేస్తాయి. ఇదే వీటి బలం, ఇదే బలహీనత. స్ఫటికంలో కూడా కదలగలుగుతున్నదంటే కదలిక అంత చిన్నదని అర్థం. పేర్పును చెదరగొట్టాలనుకునేవాళ్లకు ఇది నిరాశే మిగులుస్తుంది. 2004లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ బృందం దీంతో జెల్ కట్టి, పోగుల కుడి ఎడమ మెలికను వెలుతురుతో రాసి చెరిపింది. అక్కడ కూడా వాడుకున్నది ఆకారాన్ని కాదు, తెరిచిన రూపం మెత్తదనానికీ మూసిన రూపం బిగువుకూ ఉన్న తేడాను.

ద్రావణంలో తెరిచిన రూపం రెండు భంగిమల్లో సుమారు సగం సగం ఉంటుంది. వాటిలో ఒకటే మూసుకోగలదు. ఒక ఫోటాన్‌కు ఎంత ఫలితం అన్న లెక్కలో అందుకే సగం పోతుంది. తయారీకి 78 డిగ్రీల మైనస్‌లో బ్యూటైల్ లిథియం, 27 డిగ్రీలకే మరిగిపోయే ఆక్టాఫ్లోరోసైక్లోపెంటీన్. మన వేసవిలో సీసా మూత తీయగానే గాల్లో కలిసిపోతుంది. ఫ్లోరిన్ లేని రకాన్ని గ్లుటరైల్ క్లోరైడ్‌తో మొదలుపెట్టి మెక్‌మర్రీ చర్యతో చేసుకోవచ్చు, ఖర్చు తగ్గుతుంది. ఆరు నెలల ప్రాజెక్టుకు మాత్రం వద్దు.

డాసా, హైడ్రజోన్, ఇంకా పెద్ద కలలు

డాసా అంటే డోనర్–యాక్సెప్టర్ స్టెన్‌హౌస్ అడక్ట్. పేరు పలికేలోపు అణువు తయారవుతుందని మా ల్యాబ్‌లో జోకు. 2014లో శాంటా బార్బరాలో రీడ్ డె అలనీజ్ బృందం ముందుకు తెచ్చింది. ఫర్‌ఫ్యూరల్, మెల్డ్రమ్ ఆసిడ్ వేడి నీళ్లలో కలిపి, వచ్చిన పసుపు ఘనానికి డైఇథైలమీన్ చేరిస్తే చాలు. ఈ ఫర్‌ఫ్యూరల్ చెరకు పిప్పి, మొక్కజొన్న బెండ్ల నుంచి తీసేది, ఆ సంగతి చెబితే తరగతి లేచి కూర్చుంటుంది. రంగున్న రూపం మామూలు తెల్ల దీపం కింద రంగు కోల్పోతుంది, చీకట్లో మళ్లీ వస్తుంది. యూవీ దీపం అక్కర్లేదు. మారిన రూపానికి రంగు లేదు కాబట్టి వెలుతురు లోలోపలికి దారి చేసుకుంటూ పోతుంది. నా మొదటి జెల్ పడ్డ అవస్థ దీనికి లేదు.

మరి అందరూ ఇదే ఎందుకు వాడరు? మొదటి తరం డాసా టొలుయీన్ లాంటి ద్రావణిలోనే రెండువైపులా తిరుగుతుంది. మిథనాల్‌లోనో నీళ్లలోనో ఒక్కసారి మూసుకుంటే అంతే సంగతులు. నీటిలో మిసెల్ కట్టేవాళ్లు, ఆ మాట ప్రయోగం మొదలుపెట్టకముందే చదువుకోవాలి. గాఢత పెరిగినా మందగిస్తుంది.

హైడ్రజోన్‌ల గురించి రెండే మాటలు. డార్ట్‌మత్‌లో ఇవాన్ అప్రహామియన్ బృందం 2017లో చూపిన నమూనాల్లో కొన్నిటికి లెక్కగట్టిన అర్ధాయువు 2,700 ఏళ్ల దాకా ఉంది. బుద్ధుడి కాలానికి ముందు స్విచ్ వేస్తే ఇప్పటికి సగం వెనక్కి వచ్చి ఉండేది. నిలకడ ముఖ్యమైతే, తయారీ మరీ కష్టం కాకూడదనుకుంటే డైఅరైల్‌ఈథీన్ కంటే ముందు దీన్ని చూడండి.

రోటాక్సేన్లు (కడ్డీకి వలయం తొడిగినట్టుండే అణువులు), ఫెరింగా మోటార్లు (వెలుతురుకు గిరగిరా తిరిగే అణువులు) 2016 నోబెల్ తర్వాత అందరి కళ్లలోనూ ఉన్నాయి. వలయాన్ని కడ్డీ మీద ఒక స్టేషన్ నుంచి మరో స్టేషన్‌కు నడిపించడం మనోహరంగానే ఉంటుంది. పాఠంగా చెప్పండి, సెమినార్ ఇవ్వండి. చేతిలో నాలుగేళ్లు, కాలమ్‌కు సరిపడా సిలికా, నెలనెలా ఎన్ఎంఆర్ సమయం లేకపోతే మొదలుపెట్టకండి.

మీరెవరన్నదాన్ని బట్టి

డిగ్రీ కాలేజీలో ప్రాక్టికల్ పెట్టాలనుకునే లెక్చరర్లకు: రెండు గంటలుంటే అజోబెంజీన్, టీఎల్‌సీ (పలక మీది పలచని పొరపై అణువులను విడదీసే పద్ధతి). ట్రాన్స్ అజోబెంజీన్ చుక్కను పలక మీద పెట్టి గంటసేపు ఎండలో ఉంచి, పక్కనే కొత్త చుక్క పెట్టి, చీకట్లో పలక మీద ద్రావణిని పైకి పాకనిస్తే, ఎండలో ఉన్న చుక్క రెండుగా విడిపోతుంది. ధ్రువత ఎక్కువున్న సిస్ కిందే ఉండిపోతుంది. పరికరం ఏమీ అక్కర్లేదు, ఎండ మన దగ్గర కరువూ కాదు. రెండు రోజులు, రోజుకు మూడు గంటలు దొరికితే స్పైరోపైరాన్ తయారీ, తర్వాత వేగం కొలత. యూవీ కళ్లజోడు లేకపోతే డాసా.

ఎమ్మెస్సీ ప్రాజెక్టు, ఆరు నెలలు: ఆల్కాక్సీ అజోబెంజీన్, ఆల్ఫా సైక్లోడెక్స్‌ట్రిన్. కొత్తదనం లేదని గైడ్ పెదవి విరిస్తే, తోక పొడవు నాలుగు రకాలుగా మార్చి, ఏ పొడవు దగ్గర కూటమి వెలుతురుకు లొంగడం మానేస్తుందో చూడండి. పని పూర్తవుతుంది, చెప్పడానికి మాటా ఉంటుంది.

పీహెచ్‌డీ మొదటి ఏడాది వాళ్ల దగ్గర నాకు కాస్త మొహమాటం తక్కువ. మీ కూటమి వలయాల పేర్పు మీద నిలబడితే ఫ్లోరిన్ అజోబెంజీన్. అయాన్లో, పీహెచ్‌నో నమ్ముకుంటే మెరోసయనిన్ ద్రావణం. విద్యుత్ పొర అయితే డైఅరైల్‌ఈథీన్‌కు డబ్బు, ఓపిక రెండూ పెట్టండి. సీనియర్ల ఫ్రీజర్‌లో మిగిలిపోయిన స్విచ్ అణువు ఉందని దాని చుట్టూ కూటమి అల్లకండి.

ఏది ఎంచుకున్నా దీపం విషయం ఒకటి. టీఎల్‌సీ చూసే యూవీ పెట్టెలో రెండు బటన్లుంటాయి, 254, 365. 254 దాదాపు అన్ని స్విచ్‌లనూ నెమ్మదిగా చంపుతుంది, తొందరలో అదే నొక్కేస్తుంటారు. మా పెట్టె మీద ఆ బటన్‌కు తెల్ల టేపు అంటించి ఉంది. ఎవరంటించారో తెలియదు కానీ, అప్పటినుంచి “సార్, స్విచ్ పాడైపోయింది” అనే ఫిర్యాదు సగానికి తగ్గింది.